అప్‌డేట్: టోల్కీన్ డ్వార్ఫ్‌లు ఎలా పుట్టారు అన్న నా ప్రశ్న

మొన్న అడిగా కదా, లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసిన టోల్కీన్ కథాలోకంలో ఎల్ఫ్‌లూ (చావులేని ఓ జాతి) మనుషులూ సృష్టికర్త ఇలువతార్ పిల్లలైతే మరి ఈ డ్వార్ఫ్‌లు (గడ్డాల పొట్టి జాతి) ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారు అని. చాలామంది 1977లో వచ్చిన ఆయన పుస్తకం సిల్మరిలియన్ చదవమన్నారు, అందులో ఈ కథ ఉన్న చాప్టర్ చదివేశా, థాంక్స్ అందరికీ.

సంగతేంటంటే ఔలే అని దేవుళ్లలో కమ్మరి పనాయన ఒకడున్నాడు, ఇలువతార్ పిల్లలు ఎప్పుడొస్తారా అని చూసీ చూసీ ఓపిక చచ్చి, ఎవరికీ చెప్పకుండా కొండ కింద ఏడుగురు డ్వార్ఫ్ మూలపురుషుల్ని చేసేశాడు. పెద్దాయన ఇలువతార్‌కి తెలియకుండా ఉంటుందా? వీళ్లకి సొంత ప్రాణం లేదు, నువ్వు తలుచుకుంటేనే కదుల్తారు అని నిలదీసేసరికి ఔలే ఏడుస్తూ పెద్ద సుత్తి ఎత్తాడు, తను చేసినవాళ్లని తనే పగలగొట్టేద్దామని. వాళ్లేమో భయంతో ముడుచుకుపోయి తలలు వంచి దయ చూపమన్నారు! అంటే అప్పటికే ఇలువతార్ వాళ్లకి ప్రాణం ఇచ్చేశాడన్నమాట. నాకైతే ఒళ్లు జలదరించింది.

ఇది విశ్వామిత్రుడి త్రిశంకు స్వర్గం లాంటిదే అని ఒకరన్నారు, బానే ఉంది కానీ ఔలేది పంతం కాదు, తనకి తెలిసిన పని ఎవరికైనా నేర్పాలన్న ఆరాటం. ఇలువతార్‌కి ఎదురుతిరిగిన మెల్కోర్ అయితే చచ్చినా తగ్గేవాడు కాదు.

ఇలువతార్ షరతు మాత్రం పెట్టాడు, ఎల్ఫ్‌లు లేచేదాకా వీళ్లు రాళ్ల కింద నిద్రపోవాలి. ఔలే భార్య యవన్నా, వీళ్లు నా చెట్లు నరికేస్తారని కంగారుపడటం, అందులోంచి ఎంట్‌ల (చెట్లని కాపాడే, చెట్లలాంటి జీవులు) కథ రావడం కూడా ఇక్కడే.

ఇక ఆ ఏడుగురిలో పెద్దవాడైన డ్యూరిన్ మళ్లీ మళ్లీ పుడతాడన్న డ్వార్ఫ్‌ల నమ్మకం గురించి చదవాలి, ఎక్కడ మొదలుపెట్టమంటారు?