డ్రేఫస్ విషయంలో ‘క్షమాభిక్ష’ అనాలా, ‘నిర్దోషి’ అనాలా?

ప్రశ్న: డ్రేఫస్ అంటే, చేయని గూఢచర్యానికి 1894లో దేశద్రోహి అని శిక్షపడ్డ ఫ్రెంచి యూదు సైనికాధికారి. అతని గురించి ఒక అనువాదంలో “1899లో కెప్టెన్ డ్రేఫస్ నిర్దోషిగా విడుదలయ్యాడు” అని ఉంది. ఫ్రెంచిలో మాట ‘గ్రాస్’. సరిపోతుందా? ‘యాంటీసెమిటిజం’కు ‘సెమిటిక్ వ్యతిరేకత’ అని రాశారు, అదీ చెప్పండి.

జవాబు: విడుదలయ్యాడు గానీ నిర్దోషిగా కాదు. 1899 సెప్టెంబరు 9న రెన్ పట్టణంలో సైనిక న్యాయస్థానం 5–2తో మళ్లీ దోషి అనే తేల్చి పదేళ్లు వేసింది. పైగా శిక్ష తగ్గించదగ్గ పరిస్థితులున్నాయంది. దేశద్రోహానికి అవేం పరిస్థితులో! పది రోజులకు ఫ్రాన్స్ అధ్యక్షుడు లూబే ఇచ్చింది ‘గ్రాస్’, అంటే క్షమాభిక్ష. అందుకోసం డ్రేఫస్ అప్పీలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. శిక్ష పోయింది, దోషి ముద్ర ఉండిపోయింది. 1906 జులై 12న అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పు కొట్టేసి, పునర్విచారణకు పంపకుండా ముగించింది. ‘నిర్దోషి’ అక్కడ వాడాలి. ‘క్లీన్ చిట్’ మాత్రం రెంటికీ వద్దు.

మరొకరు: సెమిటిక్ అనేది భాషాకుటుంబం పేరు, అరబిక్ కూడా అందులోదే. 1879లో జర్మనీలో విల్‌హెల్మ్ మార్ ప్రచారంలోకి తెచ్చిన ఈ మాటకు గురి యూదులొక్కరే. ‘యూదు ద్వేషం’ అనండి.

ఇంకొకరు: ‘ద్వేషం’ అంటే మనసులో మాటలా ఉంది. అక్కడ అది పత్రికలు, చందాలు నడిపిన రాజకీయం. అప్పటికే శిక్షపడ్డ డ్రేఫస్ మీద సాక్ష్యం బలపరచడానికి సైనిక గూఢచారి విభాగంలోని కర్నల్ ఆన్రీ ఒక దొంగ ఉత్తరం తయారుచేశాడు. 1898 ఆగస్టులో దీపం వెలుగులో చూస్తే కాగితం మీది గళ్ల గీతలు ఒక ముక్కలో నీలి బూడిదరంగు, ఇంకో ముక్కలో ద్రాక్షరంగు. రెండు ఉత్తరాలు అతికించాడన్నమాట. (దీన్ని ‘దొంగ సంతకం’ అనకండి, ‘కూటపత్రం’, అంటే నకిలీ పత్రం.) ఆన్రీ ఒప్పుకొని, జైల్లో గొంతు కోసుకున్నాడు. గుట్టు బయటపడ్డాక కూడా యూదులంటే పడని ‘లా లిబ్ర్ పరోల్’ పత్రిక అతని భార్య కోసం చందాలు పిలిస్తే 25,000 మంది దాకా ఇచ్చారు, చాలామంది యూదుల మీద తిట్లు రాసి మరీ! సైన్యాన్ని తప్పుపడితే దేశాన్ని తప్పుపట్టినట్టేనని ఒక పక్షం పట్టు. నా ఓటు ‘యూదు వ్యతిరేకత’కు.

అడిగినవారు: ఇలా మారుస్తున్నాను: “1899లో క్షమాభిక్షతో విడుదలయ్యాడు. తీర్పు రద్దయి నిర్దోషి అనిపించుకోవడానికి 1906 దాకా పట్టింది.”

జవాబు: ‘అనిపించుకోవడానికి’ తీసేసి ‘నిర్దోషిగా తేలడానికి’ అనండి. అనిపించుకోవడంలో ఇంకా అనుమానం మిగిలే ఉంది.