ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న యువతకు దిగులు వస్తే: శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం అనుభవాలు

ఎచ్చెర్ల పరిశోధక విద్యార్థిని:
ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం), అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకోవడంలో ఇబ్బంది) ఉన్న 15 నుంచి 24 ఏళ్లవారికి దిగులు (డిప్రెషన్), ఆందోళన కలిగినప్పుడు ఊరిని బట్టి, ఆడా మగా తేడాను బట్టి, ఇంటి భాషను బట్టి వైద్యం ఎలా మారుతోందో పరిశోధిస్తున్నాను. దయచేసి మీ అనుభవాలు రాయండి.

పలాస తల్లి:
మా అబ్బాయికి 17 ఏళ్లు, ఆటిజం. నిరుడు మూడు నెలలు సరిగా తినలేదు, నిద్రపోలేదు. ఇక్కడ చూపిస్తే ‘ఆటిజం పిల్లలు ఇంతేనమ్మా’ అన్నారు. విశాఖ తీసుకెళ్తే గానీ అది దిగులని తేలలేదు. వెళ్లిన ప్రతిసారీ జీడిపిక్కల పనిలో నా కూలి పోతుంది, రైల్లో రద్దీకి వాడు చెవులు మూసుకుని వణికిపోతాడు.

విజయనగరం ప్రత్యేక ఉపాధ్యాయుడు:
నేను 14 ఏళ్లుగా ఇలాంటి పిల్లలకు చదువు చెబుతున్నాను. ముందు సదరం (వైకల్యాన్ని నిర్ధారించే) ధ్రువపత్రం తీసుకోండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఏడీహెచ్‌డీకి కూడా అన్ని సదుపాయాలూ వర్తిస్తాయి.

రాజాం యువతి:
వర్తించవండీ. ఆ చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, అభ్యసన వైకల్యం ఉంది, ఏడీహెచ్‌డీ లేదు. పరీక్షలో అదనపు సమయం అడిగితే నన్ను తిప్పి పంపారు.

విజయనగరం ప్రత్యేక ఉపాధ్యాయుడు:
నా విద్యార్థికి ఏడీహెచ్‌డీతోనే ధ్రువపత్రం వచ్చింది. చదివినదాన్ని పట్టుకుని అనుభవజ్ఞులతో వాదించకండి.

రాజాం యువతి:
ఇది నేను చదివినది కాదు, పడినది. మీ విద్యార్థికి డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది, అదీ అభ్యసన వైకల్యమే) కూడా ఉండి ఉంటుంది, పత్రం దానికే ఇచ్చి ఉంటారు. తరగతిలో మాట్లాడని ఆడపిల్లను బుద్ధిమంతురాలంటారు కాబట్టి నాకు ఏడీహెచ్‌డీ ఉందని 20 ఏళ్లకు గానీ బయటపడలేదు. అప్పటికే రెండేళ్లుగా దిగులుకు మందులు వాడుతున్నాను.

సీతంపేట ఉపాధ్యాయుడు:
ఇంటి భాష గురించి అడిగారు, ఎవరూ చెప్పలేదు. మా బడిలో సవర అనే గిరిజన భాష మాట్లాడే బాలుడు తెలుగు ప్రశ్నలకు జవాబు చెప్పకపోతే మందబుద్ధి అని రాసేశారు. వాడి భాషలో ఒక్కరూ అడగలేదు. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

విజయనగరం ప్రత్యేక ఉపాధ్యాయుడు:
పత్రం తెప్పించి చూశాను. డిస్లెక్సియా అనే ఉంది. ఆ అమ్మాయి చెప్పిందే నిజం. పలాస అమ్మా, మీ అబ్బాయి విషయానికొస్తే, ఆటిజం పత్రానికి వాడే 40 అంశాల కొలమానం కూడా ఆటిజాన్నే కొలుస్తుంది. దిగులుకు వేరే పరీక్ష అడగాలి.

పలాస తల్లి:
పత్రం మా దగ్గర ఉంది మాస్టారూ. జిల్లా ఆసుపత్రిలోని పిల్లల కేంద్రంలో 18 ఏళ్ల వరకే చూస్తారు. వచ్చే ఏడాది వాడిని ఎక్కడ చూపించాలి?

రాజాం యువతి:
అక్కా, రాత్రి వేళ అవసరమైతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. మా వైద్యురాలు పెద్దవారినీ చూస్తారు, వివరాలు విడిగా పంపుతున్నాను.