సమస్య: "ఎత్తిపొడుపు మాట యింపు గాదె"

నిర్వాహకుడు: ఆటవెలది పద్యంలో నాలుగో పాదం ఇది. మిగతా 3 పాదాలు మీవి. గణాలంటే గురులఘువుల గుంపులు: బేసి పాదాల్లో 3 సూర్యగణాలు, 2 ఇంద్రగణాలు. సరి పాదాల్లో 5 సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు, నాలుగో గణం మొదటి అక్షరానికి. ప్రాస (పాదాల రెండో అక్షరాల పోలిక) అక్కర్లేదు. విషయం: ఇంటిల్లిపాదీ కలిసి నవ్వుకునే వెటకారం.

మొదటి పూరణ:
ఆలసించి రాగ నలిగి పల్కెను తల్లి
"ఇంత ముందె వస్తి వెందుకయ్య?"
నిదుర మాని వేచి నిల్చెగా వాకిట!
ఎత్తిపొడుపు మాట యింపు గాదె!

నిర్వాహకుడు: రెండో పాదం చదివి హాయిగా నవ్వాను. మాటలు పొగడ్తలా ఉండి లోపల చురక ఉంటే ఆలంకారికులు వ్యాజస్తుతి అన్నారు. గొంతు మార్పుతో అర్థం తిరగబడితే కాకువు. ఇక్కడ రెండూ కుదిరాయి. కానీ ఆ "అలిగి" తీసేయండి. గణాలకు, యతికి ఢోకా లేదు, చెడిందల్లా గొంతే. అలిగిన తల్లి ఆ మాటంటే కొడుకు తలవంచుకుంటాడు, నవ్వడు. "ఆలసించి రాగ నమ్మ నవ్వుచు ననె" అనండి.

పూరణకర్త: నిజమే. మా అమ్మ నవ్వుతూనే అనేది. మార్చేశాను.

రెండో పూరణ:
కొత్తకోడ లొకతె కుమిలె మొదట విని;
నాలుగేండ్లు గడువ నవ్వె నేడు;
మామగారిపైకి మాట తిప్పి విసిరె!
ఎత్తిపొడుపు మాట యింపు గాదె!

నిర్వాహకుడు: నాకు బాగా నచ్చింది ఇదే. ఇంటివాళ్ళకు పుట్టినప్పటి నుంచీ అలవాటైన వెటకారం బయటినుంచి వచ్చిన మనిషికి నిందలాగే వినిపిస్తుంది. "ఇది మా ఇంటి సరదా" అని ఎవరూ విడమరిచి చెప్పరు. ఆమె తిరిగి ఒకటి అనగలిగిన రోజునే, అదీ పెద్దాయన్ని అనగలిగిన రోజునే, ఆ నవ్వులో ఆమెకు వాటా దొరికినట్టు. చురక ఎప్పుడూ పెద్దల నుంచి చిన్నవాళ్ళ మీదికే దిగుతుంటే దాన్ని పరిహాసం అనడానికి నాకు మనసొప్పదు.

ఒక సభ్యురాలు: "కుమిలె" దగ్గర ఆగిపోయానండీ. ఆ ఒక్క మాట లేకపోతే పద్యం అబద్ధమయ్యేది.

మూడో పూరణ:
తాత లేని యింట తగ్గె నవ్వులు నేడు;
చురక వేయువారు కానరారు;
పిసరు కారమైన ప్రేమయే కద యది;
ఎత్తిపొడుపు మాట యింపు గాదె!

నిర్వాహకుడు: భావం గుండెను పట్టేసింది. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది: "చు"కు "కా" చెల్లదు. "చూడ లేరు" అంటే సరిపోతుంది.

పూరణకర్త: సవరించానండీ. తాతయ్య ఉంటే ఈపాటికి యతి గురించే నాకో చురక పడేది.

నిర్వాహకుడు: దాన్నే ఇంకో పద్యం చేయండి. రెండో పూరణ రాసినవారికీ ఒక మనవి: కోడలు మామగారితో ఏమందో మాకు వినిపించలేదు. ఆ మాట కోసం ఎదురుచూస్తున్నాం.