భూమిలో పాత టైబ్యాక్‌లు ఉంటే లైట్ రైల్ సొరంగం ఎలా?

అందరికీ నమస్కారం. సివిల్‌లో ఎంటెక్ చేస్తున్నా. రద్దీ సిటీ సెంటర్ కింద లైట్ రైల్ లింకు డిజైన్ చేయడం నా ప్రాజెక్టు. నమూనాగా లాస్ ఏంజెలెస్ రీజనల్ కనెక్టర్ తీసుకున్నా. అది భూగర్భ లైట్ రైల్ లింకు, 2023 జూన్‌లో రైళ్లు నడవడం మొదలైంది, సుమారు 3 కిలోమీటర్లు, 3 కొత్త స్టేషన్లు.

అక్కడ సెకండ్ స్ట్రీట్ కింద టీబీఎంతో (సొరంగం తవ్వే మిషన్) తవ్వారు. చిక్కంతా ఫ్లవర్ స్ట్రీట్‌లోనే. పెద్ద భవనాల సెల్లార్లు తవ్వినప్పుడు గోడలు కూలకుండా పక్క మట్టిలోకి దింపిన ఉక్కు కడ్డీలను, అంటే టైబ్యాక్‌లను, అలాగే వదిలేశారు. అవి టీబీఎం ముందుండే కోత చక్రానికి (కట్టర్‌హెడ్) తగిలితే మిషన్ ఇరుక్కుంటుంది. అందుకే అక్కడ కట్ అండ్ కవర్ చేశారు, అంటే రోడ్డును పైనుంచి తవ్వి, సొరంగం కట్టి, మళ్లీ కప్పేశారు.

నా రూట్లోనూ అచ్చం అలాంటి వీధే ఉంది, రెండు వైపులా పాత సెల్లార్లు. రోడ్డు తవ్వుదామంటే "బస్సులు నీ ఇంటి మీదుగా పోతాయా?" అంటారు మా గైడు. (ఆయన మాటల్లో న్యాయం ఉంది.) పోనీ సొరంగాన్ని టైబ్యాక్‌ల కింద ఇంకా లోతుకి దింపితే స్టేషన్‌లో లిఫ్టులే దిక్కు.

టైబ్యాక్‌ల కొసలకీ సొరంగం పైభాగానికీ మధ్య ఎంత ఖాళీ వదలాలి? పాత డ్రాయింగులు దొరక్కపోతే అవి ఎక్కడిదాకా ఉన్నాయో ఎలా పట్టుకుంటారు? సైట్‌లో పనిచేసిన అన్నలు, అక్కలు కాస్త చెప్పండి. 15 రోజుల్లో రివ్యూ ఉంది.