నీటి రంగుల బొమ్మలు మ్యాప్‌లితో (పూత లేని కాగితం) మీద ముద్దయిపోతున్నాయి, ఫైల్ ఎలా ఇవ్వాలి?

విజయవాడలో ఆఫ్‌సెట్‌కి వెళ్తున్న పిల్లల బొమ్మల పుస్తకం. 24 పేజీలు, ఎనిమిదిన్నర అంగుళాల చదరం, మధ్యలో పిన్నులు. లోపల 120 జీఎస్ఎం మ్యాప్‌లితో. పూత ఉన్న ఆర్ట్ పేపర్ ట్యూబ్‌లైట్ కింద మెరుస్తుందని వద్దనుకున్నాం.

బొమ్మలు 600 డీపీఐలో స్కాన్ చేసి, అచ్చు సైజులో 300కి తగ్గించి, చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) ఇచ్చాం. సీఎంవైకేలోకి (అచ్చులో వాడే నీలం, గులాబీ, పసుపు, నలుపు సిరాలు) మార్చగానే చిలకపచ్చ, నెమలికంఠం రంగు చప్పబడ్డాయి. అది ఊహించిందే, ఆ నాలుగు సిరాల్లో ఆ మెరుపు రాదు. అసలు తలనొప్పి చీకటి అడవి పేజీ. అక్కడ నాలుగు సిరాలూ కలిపి (ఒక్కోటి 100 చొప్పున మొత్తం 400కి) 330 శాతం దాటాయి. పూత లేని కాగితం సిరా పీల్చుకుని అచ్చు చుక్కలు ఉబ్బాయి, ఆకుల మధ్య గీతలు కనబడకుండా పోయాయి.

గవర్నర్‌పేట, సూర్యారావుపేట ప్రెస్సుల్లో ప్లేట్లు (ఒక్కో సిరాకు ఒక్కో అచ్చు రేకు) తీయించే చిత్రకారులు చెప్పండి: మొత్తం సిరా 260కి దించితే సరిపోతుందా, ఇంకా తగ్గించాలా? మధ్య ఛాయల్ని ఫైల్లోనే తేలిక చేయాలా, ప్లేటు తీసేటప్పుడు కర్వ్ (చుక్కల ఉబ్బుకు చేసే దిద్దుబాటు) ప్రెస్సువాళ్లే సరిచేస్తారా? రెండుచోట్లా సరిచేస్తే బొమ్మ వెలిసిపోతుందని భయం.

అక్షరాలు నల్ల ప్లేటు మీదే, ఓవర్‌ప్రింట్‌లో (కింది రంగుల్ని తొలిచేయకుండా వాటి మీదే నలుపు పడేలా) ఉంచాం. లేకపోతే రిజిస్టర్ (ప్లేట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం) కాస్త జరిగినా వత్తులు రెండుగా కనిపిస్తాయి. రేపు హిందీలో వేసినా ఆ ఒక్క ప్లేటే మారుతుంది. ముదురు బొమ్మ మీద తెల్ల అక్షరాలు వస్తే మాత్రం అన్ని ప్లేట్లలోనూ ఆ చోటు ఖాళీ వదలాలి కాబట్టి ఈ లెక్క తప్పుతుంది. అక్కడ మీరేం చేస్తున్నారు?