మిథనాల్‌లో నెమ్మది, డీఎంఎఫ్‌లో వేగం: ఒకే చర్యకు ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని)

1-బ్రోమోబ్యూటేన్‌తో అజైడ్ అయాన్ (రుణావేశం గల N₃⁻) జరిపే ఎస్‌ఎన్2 చర్య (ఒక సమూహం వచ్చి చేరుతుండగానే మరొకటి వెళ్లిపోయే ప్రతిక్షేపణ) వేగం మిథనాల్‌లో 1 అనుకుంటే, నీటిలో 7, డీఎంఎఫ్‌ (డైమిథైల్‌ఫార్మమైడ్)లో 2,800, అసిటోనైట్రైల్‌లో 5,000 అని పాఠ్యపుస్తకంలో ఉంది. డైఎలెక్ట్రిక్ స్థిరాంకం చూస్తే మిథనాల్‌కు సుమారు 33, డీఎంఎఫ్‌కు 37, నీటికి దాదాపు 80. ద్రావణి ధ్రువత పెరిగితే చర్యా వేగం పెరుగుతుందని చదువుకున్న సూత్రం ఇక్కడ ఎందుకు వర్తించడం లేదో దయచేసి వివరించగలరు.

జవాబు (అధ్యాపకుడు)

ఆ స్థిరాంకాలను పక్కపక్కన పెట్టి చూడడంతోనే మీరు సగం దూరం వచ్చారు. ఆవేశాల మధ్య ఆకర్షణను ద్రావణి మొత్తంగా ఎంత తగ్గిస్తుందో ఆ సంఖ్య చెబుతుందే గాని, ఫలానా అయాన్‌ను ద్రావణి అణువులు ఎంత గట్టిగా పట్టుకుంటాయో చెప్పదు. మిథనాల్‌లోని ఓహెచ్ హైడ్రోజన్ అజైడ్‌తో హైడ్రోజన్ బంధం ఏర్పరుస్తుంది; చర్య జరగాలంటే అలా చుట్టుకున్న అణువుల్లో కొన్నైనా తప్పుకోవాలి, అందుకయ్యే శక్తి ఉత్తేజన శక్తికి తోడవుతుంది. డీఎంఎఫ్‌లో అలాంటి హైడ్రోజన్ లేదు. దాని ఆక్సిజన్, అజైడ్‌కు జంటగా ఉండే సోడియం అయాన్‌ను చక్కగా చుట్టుముడుతుంది గాని, ధనావేశపు కొన మిథైల్ సమూహాల చాటున ఉండడం వల్ల అజైడ్ దాదాపు స్వేచ్ఛగా మిగిలిపోతుంది. హాలైడ్లలోనూ ఇదే కనబడుతుంది: మిథనాల్‌లో అయొడైడ్ కంటే వెనకబడే క్లోరైడ్, డీఎంఎఫ్‌లో దానిని మించిపోతుంది.

జవాబు (పరిశోధక విద్యార్థి)

మీరు చదివిన సూత్రం తప్పు కాదు, దాని పరిధి వేరు. రష్యన్ రసాయన శాస్త్రవేత్త మెన్షుట్కిన్ 1890లో ట్రైఇథైల్ అమీన్, ఇథైల్ అయొడైడ్ల చర్యను 23 ద్రావణుల్లో పరిశీలించినప్పుడు, హెక్సేన్‌తో పోలిస్తే బెంజైల్ ఆల్కహాల్‌లో వేగం 700 రెట్లకు పైగా పెరిగింది. అక్కడ ఆవేశం లేని రెండు అణువులు కలిసి అయాన్లు పుడతాయి కాబట్టి ధ్రువ ద్రావణి పరివర్తన స్థితికి (చర్య మధ్యలో శక్తి అత్యధికంగా ఉండే దశకు) ఊతమిస్తుంది. మీ చర్యలో ఆవేశం మొదటి నుంచే ఉంది. పరివర్తన స్థితిలో అది మరింత విస్తరించి పలచబడుతుంది, అంతే; అందుకే ధ్రువత వల్ల అలాంటి ఊతం దొరకదు.

జవాబు (బల్క్ డ్రగ్ పరిశ్రమలో ప్రాసెస్ కెమిస్ట్)

పరిశ్రమలో వేగాన్ని మాత్రమే చూసి ద్రావణిని ఎంచుకోరు. డీఎంఎఫ్ 153 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని మరగదు, అందువల్ల చర్య ముగిశాక దానిని వదిలించుకోవడమే పెద్ద పని. పైగా అది పునరుత్పత్తి ఆరోగ్యానికి హానికరం. మందులో మిగిలిపోయే డీఎంఎఫ్‌కు ఐసీహెచ్ (మందుల నాణ్యతా ప్రమాణాలను సమన్వయపరిచే అంతర్జాతీయ మండలి) మార్గదర్శకం సూచించే పరిమితి 880 పీపీఎం కాగా, మీ పట్టికలో అంతకంటే వేగమిచ్చిన అసిటోనైట్రైల్‌కు 410 మాత్రమే. ప్రయోగశాలలో ఈ చర్య చేయబోతే, సోడియం అజైడ్ మిగిలి ఉన్న మిశ్రమానికి డైక్లోరోమీథేన్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ తగలనివ్వకండి. పేలుడు స్వభావం గల డైఅజిడోమీథేన్ ఏర్పడే ప్రమాదం ఉంది. ఆమ్లం కలపడం కూడా అంతే ప్రమాదకరం.