పారిష్ కౌన్సిల్‌లో ఉంటూ వార్డు మెంబర్‌గా నిలబడవచ్చా?

మా క్యాథలిక్ విచారణలో (పారిష్‌లో) ఫాదర్ గారికి సలహాలిచ్చే పారిష్ కౌన్సిల్‌కు కార్యదర్శిని, ఆదివారం పూజలో బైబిల్ పఠనాలు చదువుతాను. పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబర్‌గా నిలబడమని మా వీధివాళ్లు పట్టుబడుతున్నారు. పార్టీ గుర్తులు లేని ఎన్నికే, కానీ ఎవరి వెనక ఏ పార్టీ ఉందో ఊరందరికీ తెలుసు.

ఫాదర్ గారిని అడిగితే "ప్రార్థన చేసుకో" అని ఊరుకున్నారు. మేత్రాసన కార్యాలయానికి (బిషప్ గారి ఆఫీసుకు) ఉత్తరం రాశాను, జవాబు లేదు. 1983 శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టం తిరగేశాను. ప్రభుత్వ పదవులు, పార్టీ పనులు వద్దనే 285, 287 నిబంధనలు గురువులకు (ఫాదర్లకు) సంబంధించినవి. 227 ప్రకారం మాలాంటి విశ్వాసులకు మిగతా పౌరులకున్న స్వేచ్ఛే ఉంది, సొంత అభిప్రాయాన్ని శ్రీసభ బోధనగా చెప్పకూడదంతే. కౌన్సిల్ పదవి సంగతి మాత్రం తేలలేదు.

గుడి మైకులో ఓట్లడిగే ఉద్దేశం ఎటూ లేదు. మీ మేత్రాసనంలో ఇలాంటప్పుడు నామినేషన్‌కు ముందే కౌన్సిల్‌కు రాజీనామా చేయాలంటారా, ఎన్నికలయ్యేదాకా తప్పుకుంటే చాలంటారా?